ఇరవై వేల ల్యాప్‌టాప్‌లో ఎవరి ఓఎస్?

జులై, ఆగస్టు నెలల్లో తిరుపతి, చిత్తూరు కంప్యూటర్ దుకాణాలకు తండ్రీబిడ్డలు జంటగా వస్తారు. కౌన్సెలింగ్ ముగిసింది. పిల్లకు ఇంజినీరింగ్‌లోనో బీసీఏలోనో సీటు వచ్చింది. ఫీజు, హాస్టల్ పోగా చేతిలో మిగిలింది ఇరవై వేలు. అక్కడ జరిగే మాటలు ఏ దుకాణంలోనైనా ఇంచుమించు ఒకటే.

"ఎంతలో కావాలన్నా?"

"ఇరవై లోపల చూపించన్నా, పాపకు."

"ఈ రేటుకు డాస్‌ది ఉండాది. విండోస్ మేమే ఏసిస్తాంలే."

బేరం కుదిరిపోతుంది. ర్యామ్ ఎంత, వారంటీ ఎన్నాళ్లు, బ్యాగు ఊరికే ఇస్తారా అని అడిగిన తండ్రి ఓఎస్ (యంత్రాన్ని నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్) గురించి మాత్రం రెండో ప్రశ్న వేయడు. వేయాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

అరవై వేల ల్యాప్‌టాప్ కొనేవాళ్లకు ఈ ప్రశ్న అంత ముఖ్యం కాదు. పదహారు జీబీల ర్యామ్ ఉన్న యంత్రం ఏ ఓఎస్‌నైనా మోస్తుంది. నాలుగు జీబీల ర్యామ్, చిన్న ప్రాసెసర్, అరవై నాలుగు జీబీల స్టోరేజీ ఉన్న యంత్రంలో అలా కుదరదు. మిషన్ తెరుచుకోవడానికి ఎంతసేపు పడుతుంది, రెండో ఏడాది అప్‌డేట్‌కు చోటు మిగులుతుందా, నాలుగో ఏడాది ప్రాజెక్టు దాకా నిలబడుతుందా అన్నవన్నీ తేల్చేది ఓఎస్సే. తక్కువ ధర ల్యాప్‌టాప్ మీద ఇరవై ఏళ్లుగా పెద్ద కంపెనీలు పోట్లాడుకుంటున్నది కూడా అందుకే. అక్కడ గెలిచినవాళ్లకు ఒక తరం మొత్తం మొదటిసారి కంప్యూటర్ తెరిచే అలవాటు దక్కుతుంది. ఆ పోటీలో ఉమ్మడి చిత్తూరు జిల్లాకూ సొంత చరిత్ర ఉంది.

కాటూరు బిడ్డ, కుప్పం ప్రయోగం

కృత్రిమ మేధలో చేసిన కృషికి 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి పుట్టింది చిత్తూరు జిల్లా కాటూరులో, 1937లో. గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో చదివి, ఆస్ట్రేలియా మీదుగా అమెరికా చేరి, కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో రోబోటిక్స్ సంస్థను నిలబెట్టిన మనిషి. 2004లో ఆయన పల్లె జనం కోసం 250 డాలర్లలో ఒక కంప్యూటర్ తేవాలని పూనుకున్నారు. దాని పేరు పీసీటీవీటీ. కంప్యూటర్, టీవీ, టెలిఫోన్, వీడియో రికార్డర్ నాలుగూ అందులోనే ఉంటాయి. కీబోర్డు తెలియనివాళ్లు టీవీ రిమోట్‌తోనే నడుపుకోవచ్చు.

ఆయన వాదన ఆనాటి ఆలోచనకు పూర్తిగా ఎదురుగా ఉండేది. పేదవాళ్లకు తక్కువ శక్తి ఉన్న కంప్యూటర్ సరిపోతుందని అందరూ అనుకుంటుంటే, చదువురాని మనిషికి పీహెచ్‌డీ చేసిన మనిషి కంటే శక్తిమంతమైన కంప్యూటర్ కావాలన్నారు ఆయన. అక్షరం చదవగలిగినవాడికి తెర మీద నాలుగు మాటలు చాలు. చదవలేనివాడికి మాట వినిపించాలి, బొమ్మ చూపించాలి, అతని నోటిమాటను యంత్రం అర్థం చేసుకోవాలి. వీటన్నిటికీ మెమరీ కావాలి, వేగం కావాలి. పీసీటీవీటీ అంగట్లో సరుకుగా మారలేదు. అయినా ఆ వాదన ఎంత సరైనదో ఈరోజు ఫోన్‌లో తెలుగులో మాట్లాడి పని చేయించుకుంటున్న ప్రతి పల్లెటూరి అమ్మా నిరూపిస్తోంది. 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం మొదలైనప్పుడు తొలి చాన్సలర్ ఆయనే. ఇడుపులపాయ, నూజివీడు, బాసర ప్రాంగణాల్లో చేరిన పల్లె పిల్లలకు మనిషికొక ల్యాప్‌టాప్ ఇచ్చి చదువు చెప్పారు. పదో తరగతి దాటగానే అక్కడికి వెళ్లిన మన జిల్లా పిల్లకాయలు ఎందరో సొంత ల్యాప్‌టాప్ మొదట తెరిచింది ఆ ప్రాంగణంలోనే.

అంతకు ముందే, 2002లో, అమెరికా కంపెనీ హ్యూలెట్ ప్యాకర్డ్ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి కుప్పంలో ఐ-కమ్యూనిటీ అనే మూడేళ్ల కార్యక్రమం చేపట్టింది. తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినిపించే ఆ మూల ప్రాంతంలో సమాచార కేంద్రాలు తెరిచింది. పొదుపు సంఘాల మహిళల చేతికి డిజిటల్ కెమెరా, సౌర విద్యుత్తుతో నడిచే చిన్న ప్రింటర్ ఇచ్చింది. వాళ్లు ఊళ్లు తిరిగి గుర్తింపు కార్డులకు, పెళ్లిళ్లకు ఫొటోలు తీసి అక్కడికక్కడే అచ్చువేసి ఇచ్చి సంపాదించుకున్నారు. కార్యక్రమం ముగిశాక కంపెనీ వెళ్లిపోయింది. కంప్యూటర్‌ను జనం పనికి తగినట్టు మలిస్తే జనం దాన్ని వదలరని కుప్పం మహిళలు చూపించారు. తర్వాత వచ్చిన పథకాలు చాలావరకు యంత్రాన్ని పంచడం దగ్గరే ఆగిపోయాయి.

ఏడంగుళాల తెర తెచ్చిన పోటీ

2005లో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ ఆచార్యుడు నికొలస్ నెగ్రోపాంటే 'పిల్లవాడికొక ల్యాప్‌టాప్' అనే నినాదంతో వంద డాలర్ల యంత్రాన్ని ప్రకటించారు. ఆకుపచ్చ, తెలుపు రంగుల్లో ఉండే ఆ ఎక్స్ఓ యంత్రంలో 433 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీల మెమరీ మాత్రమే. అందులో ఎవరైనా ఊరికే వాడుకోగల లినక్స్ ఓఎస్ రకమైన ఫెడోరా మీద పిల్లల కోసం తయారుచేసిన షుగర్ అనే వాతావరణం నడిచేది. ఆపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్ తన ఓఎస్‌ను ఊరికే ఇస్తానన్నా, దాని లోపలి కోడ్ తెరిచి చూసే వీలు లేదన్న కారణంతో ఆ బృందం వద్దన్నదని అప్పట్లో అమెరికా పత్రికల్లో వచ్చింది. పిల్లవాడు యంత్రాన్ని వాడటమే కాక విప్పి చూసి నేర్చుకోవాలన్నది వాళ్ల పట్టుదల. 2006లో మన కేంద్ర మానవ వనరుల శాఖ ఈ పథకాన్ని కాదంది. బడుల్లో గదులు, టీచర్లు లేనిచోట ఈ ఖర్చు సరికాదని అధికారుల అభిప్రాయం. ఉరుగ్వే మాత్రం 2009కల్లా ప్రభుత్వ ప్రాథమిక బడుల పిల్లలందరికీ ఇచ్చేసింది. ధర వంద డాలర్లకు ఎప్పుడూ దిగలేదు. 2008 మేలో అదే యంత్రం మీద విండోస్ ఎక్స్‌పీ నడపడానికి మైక్రోసాఫ్ట్‌తో ఒప్పందం కుదిరింది. షుగర్‌ను తీర్చిదిద్దిన వాల్టర్ బెండర్ అంతకు కొన్ని వారాల ముందే బయటికి వచ్చేశారు.

ఈ గొడవ జరుగుతుండగానే 2007లో తైవాన్ కంపెనీ ఆసుస్ ఈ-పీసీ 701ని దింపింది. ఏడంగుళాల తెర, 512 ఎంబీల మెమరీ, నాలుగు జీబీల ఫ్లాష్ స్టోరేజీ, కిలో కంటే తక్కువ బరువు. లోపల జాన్‌డ్రోస్ అనే లినక్స్. నెట్‌బుక్ అనే జాతి పుట్టింది. మన దేశంలో హెచ్‌సీఎల్ 2008 జనవరిలో లినక్స్‌తోనే మైలీప్ అనే చిన్న యంత్రాన్ని రూ.13,990కి అమ్మకానికి పెట్టింది. అప్పటికి ల్యాప్‌టాప్ అంటే ముప్పై, నలభై వేల మాట.

మైక్రోసాఫ్ట్‌కు ఇక్కడే ఇరకాటం వచ్చింది. 2007లో వచ్చిన దాని కొత్త ఓఎస్ విస్టా ఈ చిన్న యంత్రాల్లో నడవదు. పాత ఎక్స్‌పీ అమ్మకాలను 2008 జూన్ 30తో ఆపేస్తామని అప్పటికే చెప్పేసింది. లినక్స్‌కు ఆ మైదానాన్ని వదిలేయలేక, చిన్న యంత్రాల వరకు ఎక్స్‌పీ గడువును 2010 దాకా పొడిగించింది. కంపెనీలకు బాగా తక్కువ ధరకు ఇచ్చింది. ఆ తగ్గింపు ధరకు షరతు కూడా పెట్టింది: తెర ఇంతకు మించకూడదు, మెమరీ ఒక జీబీ దాటకూడదు. 2009లో విండోస్ 7 వచ్చినప్పుడు వీటి కోసమే స్టార్టర్ అనే చౌక రకాన్ని తయారుచేసింది. అందులో తెర వెనక బొమ్మ మార్చుకునే వీలు కూడా లేదు. ఒకేసారి మూడు ప్రోగ్రాములకు మించి తెరవనివ్వకూడదని మొదట అనుకుని, విమర్శలు రావడంతో ఆ ఒక్కటి విడిచిపెట్టింది.

నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రలో మనం గట్టిగా పట్టుకోవాల్సిన విషయం ఇదే. లినక్స్ నెట్‌బుక్ కొన్నవాళ్లు ఎందరన్నది పక్కన పెట్టండి. అది అంగట్లో ఉండటం వల్లే విండోస్ ధర దిగింది. అది ఉండటం వల్లే మూలకు పెట్టబోయిన ఎక్స్‌పీ మళ్లీ లేచింది. 2014లో తొమ్మిది అంగుళాల లోపు పరికరాలకు విండోస్ లైసెన్సు ఊరికే ఇస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించడానికి కారణం కూడా ఆండ్రాయిడ్ ట్యాబ్లెట్లు, గూగుల్ క్రోమ్‌బుక్‌ల పోటీయే. పోటీ ఉన్నంతకాలం తక్కువ డబ్బు ఉన్న కొనుగోలుదారును కంపెనీలు లెక్కలోకి తీసుకున్నాయి.

మరి లినక్స్ నెట్‌బుక్ ఎందుకు నిలవలేదు? లినక్స్ వేసినవి విండోస్ వాటి కంటే నాలుగు రెట్లు ఎక్కువగా తిరిగి వస్తున్నాయని ఎంఎస్ఐ కంపెనీ అధికారి ఒకరు 2008లోనే చెప్పారు. కొన్నవాళ్లు విండోస్ ఉంటుందనుకుని పెట్టె తెరిచారు. లోపల వేరేది కనబడింది. నేర్పేవాళ్లు లేరు. మన దగ్గర ఇంకో బలమైన కారణం ఉంది. అదే దొంగ విండోస్. డాస్ ల్యాప్‌టాప్ అంటే ఫ్రీడాస్ అనే నల్లతెర ఓఎస్ పెట్టి విండోస్ లైసెన్సు ఖర్చు లేకుండా అమ్మేది. దాన్ని కొన్నాక దుకాణంలోనే పెన్‌డ్రైవ్‌తో క్రాక్ చేసిన విండోస్ వేసి ఇవ్వడం ఊరూరా అలవాటైపోయింది. ఎటూ దొంగిలించేదైతే మా సాఫ్ట్‌వేర్‌నే దొంగిలించనీ, అలవాటు పడతారు, తర్వాత వసూలు చేసుకుందాం అన్న అర్థంలో బిల్ గేట్స్ 1998లో చైనా గురించి మాట్లాడారు. ఊరికే దొరికే లినక్స్‌ను ఊరికే దొరికే దొంగ విండోస్ ఓడించింది. నష్టం మాత్రం విద్యార్థిది. లైసెన్సు తాళం తప్పించే ఆ క్రాక్ ప్రోగ్రాముల్లో ఏ వైరస్ దాగి ఉందో చెప్పలేం, భద్రతా అప్‌డేట్లకు భరోసా ఉండదు. ఆ యంత్రంలోనే పిల్ల స్కాలర్‌షిప్ దరఖాస్తు పెడుతుంది, తండ్రి బ్యాంకు ఖాతా తెరుస్తాడు.

నగరి దాటితే రెండు ఓఎస్‌లు

పుత్తూరు, నగరి దాటి కాస్త దూరం పోతే తిరుత్తణి. 1960 ఏప్రిల్ 1 దాకా అది చిత్తూరు జిల్లాయే. సరిహద్దుల మార్పుతో మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది. తెలుగు మాట్లాడే కుటుంబాలు ఈనాటికీ అటూ ఇటూ బంధుత్వాలు కలుపుకుంటూనే ఉన్నాయి. ఆ తిరుత్తణి ఉన్న తిరువళ్లూరు జిల్లాలోనే 2011 సెప్టెంబరు 15న జయలలిత ప్రభుత్వం ఉచిత ల్యాప్‌టాప్ పథకాన్ని మొదలుపెట్టింది. తొలి ఏడాది లెక్క 9.12 లక్షల ల్యాప్‌టాప్‌లు. ప్లస్‌టూ చదివే తిరుత్తణి మేనకోడలికి ల్యాప్‌టాప్ వచ్చింది, ఇంటర్ చదివే నగరి మేనమామ కొడుక్కి రాలేదు.

ఆ యంత్రాల్లో రెండు ఓఎస్‌లు ఉండేవి. ఒకటి విండోస్ 7 స్టార్టర్. రెండోది బాస్, అంటే చెన్నై సీడ్యాక్ 2007 నుంచి భారతీయ భాషలతో తెస్తున్న లినక్స్. మీట నొక్కగానే ఏది కావాలని అడిగేది. తమిళనాడు ప్రభుత్వ సంస్థ ఎల్కాట్‌లో లినక్స్ వైపు మొగ్గు అంతకు ముందే ఉంది. ఉమాశంకర్ అనే ఐఏఎస్ అధికారి అధిపతిగా ఉన్నప్పుడు ఆ సంస్థ కంప్యూటర్లను లినక్స్‌కు మార్చారు. లక్షల యంత్రాలు కొనే ప్రభుత్వం టెండరులో రెండు ఓఎస్‌లు అడిగితే కంపెనీలు రెండూ ఇచ్చాయి. ఇదేమీ సాంకేతిక అద్భుతం కాదు. టెండరులో రాసిన ఒక షరతు.

అయితే షరతు ఒక్కటే చాలలేదు. పక్కనే తెలిసిన విండోస్ ఉంటే, టీచరు నేర్పని బాస్‌ను పిల్లలు ఎందుకు తెరుస్తారు? ఈ లోటును పూడ్చిన రాష్ట్రం కేరళ. అక్కడి ప్రభుత్వ బడుల్లో ఐటీ పాఠాలు, పరీక్షలు లినక్స్ మీదే జరుగుతాయి. ముందు టీచర్లకు శిక్షణ ఇచ్చారు. కైట్ అనే ప్రభుత్వ సంస్థ బడుల అవసరాలకు తగినట్టు తన సొంత లినక్స్‌ను తయారుచేసి ఎప్పటికప్పుడు కొత్తది విడుదల చేస్తోంది. బడిలో నేర్చుకున్నదే ఇంట్లోని పాత కంప్యూటర్‌లోనూ వేసుకోవచ్చు. కాపీ చేసుకుంటే నేరం కాదు, ఖర్చు లేదు. తమిళనాడు యంత్రం ఇచ్చింది, కేరళ నేర్పింది. రెండూ కలిసి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది.

మన దగ్గర 2021 జనవరిలో, డబ్బు ఇచ్చే అమ్మఒడి పథకం రెండో విడత సమయంలో తొమ్మిది నుంచి ఇంటర్ దాకా చదివే పిల్లలు డబ్బు బదులు ల్యాప్‌టాప్ కోరుకోవచ్చని ప్రభుత్వం ప్రకటించింది. పిల్లలు ఆశపడ్డారు. ఆ ల్యాప్‌టాప్‌లు రాలేదు. 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు శామ్‌సంగ్ ట్యాబ్‌ల పంపిణీ మొదలైంది. ఐదు లక్షలకు పైగా ఇచ్చారు. ఓఎస్ ఆండ్రాయిడ్, లోపల బైజూస్ పాఠాలు, పిల్లలు పక్కదారి పట్టకుండా తాళం. పాఠం చూడటానికి ట్యాబ్ పనికొస్తుంది. నాలుగు పేజీల వ్యాసం రాయడానికి, లెక్కల పట్టిక కట్టడానికి, ప్రోగ్రాం రాసి తప్పు వెతకడానికి కీబోర్డున్న యంత్రం కావాలి. అడిగింది ల్యాప్‌టాప్, ఇచ్చింది ట్యాబ్ అన్న తేడా పార్టీల గొడవలో కొట్టుకుపోయింది. పిల్లల చదువు కోణం నుంచి చూస్తే అది పెద్ద తేడా.

హైదరాబాద్ యంత్రం, శ్రీపెరుంబుదూరు యంత్రం

చౌక ల్యాప్‌టాప్ మీద రెండు ఓఎస్‌ల పోటీకి తెలుగునేలలోనే అచ్చమైన ఉదాహరణ ఉంది. హైదరాబాద్ కంపెనీ ఆర్‌డీపీ 2016లో థిన్‌బుక్ అనే ల్యాప్‌టాప్‌ను రూ.9,999కి తెచ్చింది. ఇంటెల్ ఆటమ్ ప్రాసెసర్, రెండు జీబీల ర్యామ్, 32 జీబీల స్టోరేజీ, విండోస్ 10. పది వేల లోపు విండోస్ ల్యాప్‌టాప్ అంటే ఆ రోజుల్లో పెద్ద వార్త. ఐబాల్ కూడా అదే ఏడాది అదే ధరకు కాంప్‌బుక్ తెచ్చింది.

ఈ తరగతి యంత్రాలకు ఒక జబ్బు ఉంది. 32 జీబీల్లో విండోస్ సగానికి పైగా ఆక్రమించుకుంటుంది. అప్పట్లో ఆరు నెలలకోసారి వచ్చిన పెద్ద అప్‌డేట్‌కు ఇంకొన్ని జీబీల ఖాళీ కావాల్సి వచ్చేది. ఖాళీ లేకపోతే అప్‌డేట్ సగంలో ఆగి, మళ్లీ మొదలై, మళ్లీ ఆగుతుంది. 2019లో విండోస్ తన అప్‌డేట్ల కోసం దాదాపు ఏడు జీబీలను ముందే పక్కన పెట్టుకోవడం మొదలుపెట్టింది. "ల్యాప్‌టాప్ స్లో అయిపోయిందన్నా" అని దుకాణానికి వచ్చే చౌక యంత్రాల్లో చాలావాటి రోగం ఇదే. యంత్రం చెడిపోలేదు. దాని మీద మోయలేని బరువు పెట్టారు.

ఐఐటీ బొంబాయిలోని ఫాసీ బృందం, ఆచార్య కన్నన్ మౌద్గల్య ఆధ్వర్యంలో, ఈ ఆర్‌డీపీ యంత్రాన్నే తీసుకుని దాని మీద లినక్స్ నడిచేలా చేసింది. ఆ ఆటమ్ చిప్‌ల మీద లినక్స్ వేస్తే శబ్దం, వైఫై మొండికేసే కాలమది. వాటిని సరిచేసి, ఇంజినీరింగ్‌కు కావాల్సిన సైల్యాబ్, పైథాన్ వంటివి ముందే వేసి, పది వేల లోపు ల్యాప్‌టాప్‌గా విద్యార్థులకు ప్రచారం చేశారు. అదే డబ్బా, అదే ర్యామ్. ఓఎస్ మారేసరికి 32 జీబీల్లో ప్రోగ్రాములకూ పాఠాలకూ చోటు మిగిలింది. అదే ఐఐటీ నడిపే స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు తెలుగులోనూ ఉన్నాయి. లినక్స్, లిబ్రాఫీస్, సి ప్రోగ్రామింగ్ అన్నీ పది నిమిషాల పాఠాలుగా, నెట్ లేకపోయినా చూసుకునేలా చేశారు. ఈ రెండింటినీ మన విశ్వవిద్యాలయాలు చేతుల్లోకి తీసుకుని ఉంటే, ఈరోజు తండ్రులు దుకాణంలో బిక్కమొహం వేసే పరిస్థితి ఉండేది కాదు.

ఆ తర్వాత పోటీలోకి కొత్త పేర్లు వచ్చాయి. జియో 2023లో రూ.16,499కి జియోబుక్ తెచ్చింది. బరువు 990 గ్రాములు, నాలుగు జీబీల ర్యామ్, 4జీ సిమ్, సొంత జియోఓఎస్. లోపల ఉన్నది ఫోన్లలో వాడే తరహా మీడియాటెక్ చిప్. ఐఐటీ ఢిల్లీలో చదివినవాళ్లు ఆండ్రాయిడ్ మీద తయారుచేసిన ప్రైమ్‌ఓఎస్‌తో ప్రైమ్‌బుక్ వచ్చింది. ఇక గూగుల్ క్రోమ్‌బుక్‌లు 2013 నుంచి మన దేశంలో దొరుకుతున్నాయి. వాటిని 2023 అక్టోబరు 2 నుంచి హెచ్‌పీ కంపెనీ చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరులోని ఫ్లెక్స్ కర్మాగారంలో తయారుచేయిస్తోంది. ఇరవై ఏళ్ల కిందట కుప్పం వచ్చిన కంపెనీయే ఇది. తిరుపతి నుంచి బస్సెక్కితే మూడు గంటల్లో చేరే చోట తయారవుతున్న క్రోమ్‌బుక్ తిరుపతి దుకాణంలో అడిగితేగానీ బయటికి రాదు.

వీటన్నిటికీ ఒక మంచి గుణం ఉంది. తక్కువ మెమరీలో చురుగ్గా నడుస్తాయి, బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది, వైరస్ బెడద తక్కువ. క్రోమ్‌బుక్‌లకు విడుదలైన నాటి నుంచి పదేళ్లు అప్‌డేట్లు ఇస్తామని గూగుల్ 2023లో ప్రకటించింది. అంత పొడవైన హామీ ఈ ధరలో ఇంకెవరూ ఇవ్వలేదు. ఒక బలహీనత కూడా ఉంది. నెట్ లేకపోతే క్రోమ్‌బుక్ సగం చచ్చుబడుతుంది. పలమనేరు అవతల కొండ పల్లెల్లో సిగ్నల్ ఎలా ఉంటుందో అక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. పైగా ఈ ఓఎస్‌ల మీద జమాఖర్చుల ప్రోగ్రాం ట్యాలీ నడవదు. తెలుగు డీటీపీకి అందరూ వాడే అను స్క్రిప్ట్ మేనేజర్ నడవదు.

ఈ రెండు పేర్లనూ తేలిగ్గా తీసిపారేయకూడదు. బీకాం చదివిన పిల్లకు చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలోనో, తిరుపతిలో ఆడిటరు దగ్గరో ఉద్యోగం రావాలంటే ట్యాలీ రావాలి. కలెక్టరేటు పక్కన జిరాక్స్ షాపులో కూర్చునే కుర్రాడికి అను తెలుగు రావాలి. వాళ్లకు విండోసే కావాలి. అప్పుడు కాస్త పాతదైనా ఎనిమిది జీబీల ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉన్న అసలు లైసెన్సు యంత్రమే కొనాలి. కొత్తదన్న మోజుతో నాలుగు జీబీల విండోస్ యంత్రం తీసుకుంటే డబ్బు దండగ.

ఇంజినీరింగ్, బీసీఏ, బీఎస్సీ కంప్యూటర్స్ పిల్లల సంగతి వేరు. సి, జావా, పైథాన్, మైఎస్‌క్యూఎల్ అన్నీ లినక్స్ మీద ఊరికే, ఇంకా చక్కగా నడుస్తాయి. పెద్ద కంపెనీల సర్వర్లలో ఉన్నదీ లినక్సే. రేపు బెంగళూరులో ఉద్యోగంలో చేరిన రోజు నల్లతెర మీద ఆదేశాలు టైపు చేయాల్సి వస్తే, మొదటి ఏడాది నుంచి లినక్స్ వాడిన తిరుపతి పిల్లకు బెరుకు ఉండదు. తెలుగు రాయడానికీ అడ్డంకి లేదు. యూనికోడ్ తెలుగు లినక్స్‌లోనూ విండోస్‌లోనూ ఒకే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో వస్తుంది. కెనడాలో స్థిరపడిన తిరుమల కృష్ణ దేశికాచార్యులు తయారుచేసి ఊరికే పంచిన పోతన ఖతి, హైదరాబాద్ స్వేచ్ఛ కార్యకర్తలు మెనూలను తెలుగు చేసిన లినక్స్ వంటివి ఆ దారిని చాలాకాలం కిందటే వేశాయి.

పాత యంత్రాన్ని పారేయకండి

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ముగిసింది. అడిగి నమోదు చేసుకున్నవాళ్లకు ఇచ్చిన పొడిగింపు కూడా ఒక ఏడాదే. విండోస్ 11 వేసుకుందామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉండాలి. 2017కు ముందు కొన్న ల్యాప్‌టాప్‌లు దాదాపు అన్నీ ఆ గీతకు అవతలే. ఈలోపు 2025 చివరి నుంచి మెమరీ చిప్‌ల ధరలు పెరిగి కొత్త ల్యాప్‌టాప్‌లూ ప్రియమయ్యాయి. చెన్నై రిచీ స్ట్రీట్, బెంగళూరు ఎస్పీ రోడ్డు నుంచి మన ఊళ్లకు వచ్చే కార్పొరేట్ పాత ల్యాప్‌టాప్‌లలో చాలా వాటికి ఈ గతే పట్టింది. అక్కయ్య ఎంబీఏ చదివిన యంత్రం చెల్లెలికి పనికిరాదని ఇంట్లో తేల్చేస్తున్నారు.

అది నిజం కాదు. లినక్స్ మింట్ ఎక్స్ఎఫ్‌సీఈ వంటి తేలిక రకం నాలుగు జీబీల ర్యామ్, ఇరవై జీబీల స్టోరేజీతో హాయిగా నడుస్తుంది. మింట్ 22కు 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి.  నెట్ బాగా ఉన్న ఇంట్లో గూగుల్ ఊరికే ఇచ్చే క్రోమ్‌ఓఎస్ ఫ్లెక్స్ కూడా మంచిదే. రెండింటినీ పెన్‌డ్రైవ్ నుంచి ముందు నడిపి చూసుకోవచ్చు. లోపల ఉన్నది చెరగదు. వైఫై, శబ్దం, కెమెరా సరిగా ఉన్నాయనుకుంటేనే వేసుకోవచ్చు.

నా తీర్పు స్పష్టంగా చెబుతాను. ట్యాలీ, అను అవసరం లేని విద్యార్థికి, ఇరవై వేల లోపు యంత్రం మీద, ఈరోజు లినక్స్‌కు మించిన ఓఎస్ లేదు. దానికి లేనిదల్లా అండగా నిలబడే మనుషులు. ఆ అండ ఇవ్వాల్సినవాళ్లు మన మధ్యే ఉన్నారు. ఎస్వీయూ, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, ఐఐటీ తిరుపతి, కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయం విద్యార్థులు ఏటా ఆగస్టులో ఒక ఆదివారం కూర్చుని ఊరి పిల్లల పాత ల్యాప్‌టాప్‌లలో లినక్స్ వేసి ఇస్తే చాలు. కాలేజీలు ల్యాబ్ రికార్డుల్లో టర్బో సి, ఎంఎస్ ఆఫీస్ మాత్రమే అని రాయడం మాని, జీసీసీతో చేసిన ప్రోగ్రాము, లిబ్రాఫీస్‌లో రాసిన రిపోర్టు చెల్లుతాయని ఒక వాక్యం చేర్చాలి. రాష్ట్ర ప్రభుత్వం ఈసారి ల్యాప్‌టాప్‌లకో ట్యాబ్‌లకో టెండరు పిలిస్తే, రెండు ఓఎస్‌లు ఉండాలని, అందులో ఒకటి తెలుగు మెనూలున్న లినక్స్ కావాలని, టీచర్లకు శిక్షణ ఖర్చు అందులోనే చూపాలని రాయాలి. రెండు ఓఎస్‌ల షరతును తమిళనాడు 2011లోనే రాసింది.

తల్లిదండ్రులకు ఒక్క మాట. దుకాణంలో "విండోస్ మేమే ఏసిస్తాం" అన్నప్పుడు, లైసెన్సు బిల్లులో రాస్తావా అన్నా అని అడగండి. రాయనంటే, లినక్స్ వేసి ఇమ్మని అడగండి. ఇంట్లో మూలన పడ్డ పాత ల్యాప్‌టాప్ ఉంటే, పాత సామాన్లవాడికి ఇచ్చే ముందు ఒక పెన్‌డ్రైవ్ తెచ్చి, నడిపి చూడండి.